సంచీలో ఎండురొయ్యలు

పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం మాది. నెల్లూరులో డిగ్రీలో చేరాక, హాస్టల్ ఫీజు భరించలేక నేనూ స్నేహితురాలూ అద్దె గది కోసం వారం రోజులు తిరిగాం. మాకు అందే అద్దెలో ఒకే ఒక్క గది దొరికింది. "శాకాహారులకే ఇస్తాం" అంది ఇంటావిడ. మేమూ శాకాహారులమేనని అనేశాను.

ఆవిడ తాళంచెవి ఇవ్వబోతుంటే, ఎక్కడి నుంచి వచ్చిందో ఒక పిల్లి నా సంచీని గీరుతూ ఒకటే అరుపు. అందులో అమ్మ కట్టిచ్చిన ఎండురొయ్యలున్నాయి!

"ఏంది పాపా ఈ వాసన?" అంటూ ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే రోషం వచ్చింది. ఈ గదిలో మూడేళ్లూ దొంగలా తినాలా?

"మా నాయన పట్టినవి ఆంటీ. ఇవి అమ్ముకునే నన్ను చదివిస్తా ఉండాడు" అని సంచీ భుజాన వేసుకుని, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఏ గుమ్మంలోనైనా నా మొదటి మాట ఒకటే: "మేం చేపలు వండుకుంటాం. గది ఇస్తారా?"

నాలుగిళ్లవాళ్లు కుదరదన్నారు. ఐదో ఇంటి అవ్వ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "పులుసు పెట్టినప్పుడు నాకూ ఒక గిన్నె ఇస్తావా?" అంది.