నాలుగు నీడల పెదనాన్న

ఆ రోజుల్లో నాకు వెలుగంటే యార్డు వెలుగే. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. పొద్దుగూకగానే మా ఆటస్థలం చుట్టూ ఎత్తయిన స్తంభాల మీద యార్డు దీపాలు వెలిగేవి. వాటి మధ్య ఆడుకునే ప్రతి పిల్లకీ నాలుగు నీడలు. పుస్తకాల్లో బొమ్మలకి ఒక్కటే ఉండటం చూసి పాపం అనుకునేదాన్ని (పేదవాళ్ళేమో అని). అలాంటి నేను ఆ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో, కట్టబోయే ఇళ్ళని ముందుగానే కంప్యూటర్‌లో బొమ్మ కట్టి చూపించే చిన్న దుకాణంలో పనికి చేరాను. యజమాని బెంగాలీ, ఊరందరికీ దాదా. "మొదటి పార్టీ ఊఁ అంటే నౌకరీ పక్కా, లేకపోతే టాటా" అన్నాడు, తనకొచ్చిన తెలుగులో. ఆ మొదటి పార్టీ మా పెద్దమ్మ. పెదనాన్న వర్క్‌షాపులో రిటైరయ్యాడు, క్వార్టరు ఖాళీ చేయాలి, సొంతిల్లు కట్టుకోవాలి. ఆయన దేనికైనా సరేనంటాడు. ఊఁ అనవలసింది ఆవిడే.

ఇల్లు కళగా ఉంటుందని వరండాలో పెదనాన్న పోలికతో ఒక మనిషిని నిలబెట్టాను. దీపం పెట్టినంత మాత్రాన చాలదని, నీడ కూడా వెయ్యమని కంప్యూటర్‌కి విడిగా చెప్పాలని నాకప్పటికి తెలియదు. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని నా ఫోన్‌లో బొమ్మ చూసింది. "ఒలే గుంటా, మీ పెదనాన్నకి నీడేదే? మడిసి బతికుండగానే దెయ్యాన్ని చేసీసినావేటి?" అంది. పక్కనే టీ తాగుతున్న పెదనాన్న ఓసారి తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

ఈసారి నీడలకి లోటు రాకూడదని ఇంటికి నాలుగు మూలలా ఎత్తుగా నాలుగు దీపాలు పెట్టేశాను. పెదనాన్న కాళ్ళ దగ్గర నాలుగు నీడలు పరుచుకున్నాయి. నాకు ముచ్చటేసింది. దాదా మాత్రం "ఇది ఘరా, ఫుట్‌బాల్ మైదానమా?" అని తల పట్టుకుని, ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. సూర్యుడు బాగా దూరం కాబట్టి నీడలన్నీ బుద్ధిగా ఒకే వైపు పడతాయట. పక్కనున్న బల్బుకైతే తలో దిక్కుకీ పోతాయట. వెడల్పాటి వెలుగుకి నీడ అంచు మెత్తబడుతుందట. అంతా విని సాయంత్రపు ఎండ ఒక్కటే పెట్టి, ఒక్క నీడతో మూడో బొమ్మ చేశాను.

పెద్దమ్మ చూసి "బాగుందే" అంది, పక్కింటావిడ చీరని మెచ్చుకున్నట్టు. ఊఁ మాత్రం అనలేదు. నా ఉద్యోగం గుమ్మం దాటిపోతున్నట్టే అనిపించింది. కంగారులో వేలు జారి ఫోన్‌లో వెనకటి బొమ్మ వచ్చింది.

"ఆగు. ఇది సూపించలేదేటి?"

"అది తప్పు పెద్దమ్మా. యార్డులాగ వచ్చీసింది."

"యార్డులాగుంటే తప్పేటే? ఆ ఎలుగులోనే కదా కాపరం చేసినాను. మీ పెదనాన్న డ్యూటీ దిగొస్తుంటే మడిసి కన్నా ముందు నీడలే కనపడీవి. అవి సూసి కూర ఎచ్చబెట్టీదాన్ని. కొత్తింటి కాడ ఆ ఎలుగుండదు. ఇదే ఉంచు."

పెదనాన్న గ్లాసు కింద పెట్టి కిటికీ వైపు తిరిగాడు. సంగతి విని దాదా "పార్టీ ఊఁ అంది కదా, ఠీక్ హై" అన్నాడు.

ఇప్పుడు ఏ దీపానికి ఏ నీడో కొత్తవాళ్ళకి నేనే పాఠం చెబుతున్నాను. నీడలు చెప్పినట్టు వింటాయి. అయినా అన్నేసి దీపాలు పెట్టేసి మురిసిపోయిన ఆ పిల్ల అంటేనే నాకు ఇష్టం. పెద్దమ్మ ముందుగదిలో ఆ తప్పుబొమ్మే ఫ్రేము కట్టి ఉంది. దాని కింద కుర్చీలో పెదనాన్న, కిటికీ ఎండకి ఒక్క నీడతో కూర్చుంటాడు.

"మిగతా మూడూ ఏవి పెదనాన్నా?" అంటాను.

"రిటైరైపోనాయే" అంటాడు.