తామర పురుగు రెక్కలు

వెంకటరావమ్మ చేతులకు మిరప ఘాటు ఎంత కడిగినా పోదు. అందుకే కంట్లో నలక పడ్డా వేలు పెట్టదు, ముంజేత్తోనే తుడుచుకుంటుంది. మనవరాలు అన్విత యూనివర్సిటీలో రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వస్తే తోడొచ్చి వరండాలో కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఎదురు ల్యాబులోని అమ్మాయిని, "ఇక్కడేం చేస్తారమ్మా?" అని కేకేసింది. ఆ అమ్మాయి నవ్వి లోపలికి పిలిచి మైక్రోస్కోపు చూపించింది. "మిరప పూత రాల్చే నల్ల తామర పురుగు ఇదే, మామ్మగారూ."

"దీని వంశం నాశనంగాను!" అంది వెంకటరావమ్మ. ఆ ఏడు ఆమె మిరప చేనంతా దాని పాలే అయింది. సూదిలో దారం ఎక్కించేటప్పటిలా ఒక కన్ను మూసి వంగింది. ఇంకో తిట్టు నోట్లోనే ఆగిపోయింది. "అమ్మో, రెక్కల అంచునంతా ఈకలే!" ముంజేత్తో కన్ను తుడుచుకుని మళ్లీ వంగింది.

అన్విత ఇంటర్వ్యూ ముగించుకుని దిగులుగా వచ్చింది. "పోస్టు ఒక్కటే నాయనమ్మా, వచ్చినోళ్లేమో వరండా నిండా ఉన్నారు."

"ఉంటే ఉన్నార్లే. ముందు ఇట్రా" అని వెంకటరావమ్మ ఆమె తలను మెల్లగా మైక్రోస్కోపు మీదికి వంచింది. "గట్టిగా ఊపిరి వదలమాక. ఎగిరిపోద్ది."