సిద్దిక 'సరే' అనే ముందు

చీమకుర్తి క్వారీలో మధ్యాహ్నం రాయి పేల్చాలంటే ముందు ఒంగోలు ఆఫీసు నుంచి సిద్దిక 'సరే' అనాలి. కూలీల హెల్మెట్లకు అతికించిన ఎలక్ట్రానిక్ బిళ్లలను బట్టి గుంతలో ఎవరున్నారో, ఎవరు బయటికొచ్చారో తెలుస్తుంది. ఆ జాబితాను క్వారీలో, ఒంగోలులో, గుంటూరులో మూడు కంప్యూటర్లు విడివిడిగా ఉంచుకుంటాయి. ఒకటి చెడిపోయినా, మిగిలిన రెండూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు. ఆ ఏర్పాటును నిలబెట్టడమే ఆమె ఉద్యోగం.

రెండేళ్ల కిందట తెర మీద "యేసుపాదం, బయట" అని చూసి ఆమె సరే అంది. బయటికొచ్చింది అతని హెల్మెట్ మాత్రమే. దాన్ని తోటివాడి చేతికిచ్చి, మరచిపోయిన క్యారేజీ కోసం అతను మళ్లీ గుంతలోకి దిగాడు; తిరిగి రాలేదు.

అప్పటి నుంచి, అందరూ బయటే అని తెర మీద పచ్చదీపం వెలిగినా ఆమె ఊరుకోదు. ప్రతి పేరూ పెదవులు కదిలేలా చదువుతుంది.

ఆ మంగళవారం పొద్దుటి నుంచే ఎవరో కంప్యూటర్ల మీద దాడి చేస్తున్నారు. దొంగ సందేశాల వరదకు గుంటూరు యంత్రం మూగబోయింది. సిద్దిక దాన్ని పక్కన పెట్టింది. మిగిలిన రెండూ ఒకే జవాబిచ్చాయి: అందరూ బయటే.

"పచ్చ వెలిగిందిగా అమ్మాయ్! సైరన్ కొట్టించనా?" ఫోన్లో క్వారీ మేనేజరు శేషాచలం తొందరపెట్టాడు.

"పేర్లు చదువుతున్నానండీ."

"ఏంది, పెళ్లి పిలుపులా? కానియ్, కానియ్."

ముప్పై ఒకటో పేరు దగ్గర ఆమె పెదవులు ఆగిపోయాయి. యేసుపాదం, బయట.

ఒక్క క్షణం అతనే పలికాడనుకుంది. తర్వాత పైపేర్లూ కిందిపేర్లూ మళ్లీ చూసింది. ఆనాటి వరుసే, పొల్లుపోలేదు. చొరబడ్డవాళ్లు పాత జాబితానే రెండు యంత్రాల్లోనూ పెట్టారు. ఇవాళ గుంతలో ఎవరున్నారో ఏ యంత్రానికీ తెలియదు.

"పేల్చొద్దండీ! ఇది ఆ రోజు జాబితా. ఇందులో యేసుపాదం ఉన్నాడు."

"ఎవరూ?" శేషాచలం గొంతు పడిపోయింది.

"మనుషుల్ని దించండి. కళ్లతో చూడమనండి."

ఇరవై నిమిషాలకు డ్రిల్లర్ పీరు దొరికాడు. నీళ్ల పంపు హోరులో పిలుపు వినబడక, గుంత అడుగున పనిచేసుకుంటూనే ఉన్నాడు.

"ఏందక్కా, నన్ను చంపేద్దామనా?" అని ఫోన్లో పకపకా నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. "ఒక్కొక్కళ్లనూ ఫోన్ దగ్గరికి రమ్మనండి. ఎవరి పేరు వాళ్లే చెప్పాలి," అంది.

గొంతు వెంట గొంతు వినిపించింది. కొందరు వేళాకోళంగా, కొందరు బెదురుగా చెప్పారు.

"అందరూ అయ్యారమ్మా," అన్నాడు శేషాచలం. "ఇక సరేనా?"

సిద్దిక ఇంకెవరైనా మాట్లాడతారేమోనని ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది.