నర్సయ్య ముఖంలో నేను గీయని సగం

2023 ఫిబ్రవరి నాటికి ఖతర్‌లో, అల్ దోహా అల్ జదీదాలోని ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా నాకు పదకొండేళ్లు నిండాయి. ఫోటోల మీద గీతలు గీసి వెక్టర్ చిత్రాలు తయారుచేయడం నా ముఖ్యమైన పని. మామూలు ఫోటోను బాగా పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. వెక్టర్ చిత్రం గీతలతోనూ రంగుల పొరలతోనూ కట్టినది కనుక గోడంత చేసినా చెదరదు. పెన్ టూల్‌తో ముఖం అంచుల వెంట చుక్కలు పెడుతూ పోతాం. వాటిని యాంకర్ పాయింట్లు అంటారు. ఏ చిత్రానికి ఎన్ని చుక్కలు, ఎన్ని గంటలు పట్టాయో డైరీలో రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. కనుక ఈ చిత్రం సంగతిలో నేను చేసినదేమిటో మరిచిపోయే వీలు లేకుండా పోయింది.

ఫిబ్రవరి పది, శుక్రవారం. నిర్మల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ భవనాలకు పైపులతో పరంజా కట్టే స్కఫోల్డింగ్ పని చేసే లింగన్న, ఇండస్ట్రియల్ ఏరియాలోని కార్మికుల క్యాంపు నుంచి బస్సెక్కి మా షాపుకు వచ్చాడు. అతని ఫోన్‌లో ఒక ఫోటో ఉంది. ఏషియన్ టౌన్ క్రికెట్ మైదానంలో ఏడుగురు మిత్రులు వరుసగా నిలబడ్డారు. మూడో మనిషి నర్సయ్య. అంతకు ఏడాది క్రితం గుండెపోటుతో పోయాడు.

"ఇరవై రెండు తారీఖు నాడు ఏడాది కార్యం సార్. రూమోళ్లమంత కలిసి పెద్ద ఫోటో పట్టుకపోదమనుకున్నం. బిడ్డ పుట్టినప్పటి సంది ఒక్కసారి సుత ఇంటికి పోలే ఆయన. పొల్లకు బాపు అంటే ఎవరో ఎరుక లేదు."

"ఇంట్లో వేరే ఫోటోలు లేవా?"

"పెండ్లి ఆల్బం వానకు నాని అంటుకపోయింది. ఆయన ఫోను తెరుసుకుంటలేదు. గిదొక్కటే మంచిగున్నది."

నేను నమూనాగా నాలుగు చుక్కలు పెట్టి, వాటి మధ్య గీత లాగి చూపిస్తే స్క్రీన్ వైపు వంగి నవ్వాడు. "మీది సుత మా పనే కద సార్! క్లాంపులు పెట్టుడు, పైపులు గుంజుడు. గాకపోతే మీరు ఏసీల కూసుంటరు."

ఫోటోలో నర్సయ్య ముఖం బొటనవేలి గోరంత ఉంది. ఎండ కుడి వైపు నుంచి పడటంతో ఎడమ సగం నీడలో మునిగిపోయింది. ఆ నీడను తేటపరచి లోపలి గీతలు వెతికి గీయాలంటే మరో అయిదారు గంటల పని. అదే వారం ఒక కంపెనీ వార్షికోత్సవానికి ఇరవై నాలుగు మంది మేనేజర్ల చిత్రాలు నా బల్ల మీద ఉన్నాయి.

మా పనిలో ఒక దొంగదారి ఉంది. ముఖంలో ఒక సగాన్ని శ్రద్ధగా గీసి, రిఫ్లెక్ట్ అనే ఆదేశంతో దానిని అద్దంలోలా తిప్పి రెండో పక్కన అతికించవచ్చు. రెండు కళ్లూ సమంగా, రెండు చెంపలూ సమంగా వస్తాయి. మేనేజర్లు దానిని చూసి అందంగా ఉందని మెచ్చుకునేవారు. పదకొండేళ్లలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. నర్సయ్యకూ అదే చేశాను. డైరీలో ఇలా ఉంది: కుడి సగం, 412 పాయింట్లు, అయిదు గంటల ఇరవై నిమిషాలు, ఎడమ సగం, రిఫ్లెక్ట్, రెండు నిమిషాలు.

పదిహేడో తేదీన లింగన్న వచ్చాడు. మర్నాడే అతని విమానం. చిత్రం ముద్రించిన కాన్వాసును బల్ల మీద పరిచాను. మొదట కళ్లు తుడుచుకున్నాడు. తరువాత బొమ్మ నోటి దగ్గరికి వంగి చూశాడు.

"మంచిగనే ఉన్నది సార్. గని, మా నర్సయ్య గిట్ల నవ్వడు."

"అంటే?"

"ఒక్క దిక్కే నవ్వుతుండె. ఎడమ దిక్కు మూతి కదలకపోతుండె. సగం నవ్వు ఇంటికి దాసిపెడుతున్నవా రా అని మేమందరం ఎక్కిరిస్తుంటిమి. గీ బొమ్మల రెండు దిక్కుల నవ్వుతుండు, బ్యాంకు మేనేజరు లెక్క."

అప్పుడు నేను చేయవలసినది ఒక్కటే. ఫోటో తెరిచి, నీడను తేటపరచి చూడటం. అందుకు పది నిమిషాలు చాలు. దానికి బదులు నిండు గొంతుతో ఇలా అన్నాను: "ఫోటోలో ఉన్నదే గీశాను లింగన్నా. సొంతంగా ఒక్క గీత కూడా కలపలేదు. పాయింటు పాయింటుకూ లెక్క ఉంది, కావాలంటే డైరీ చూడండి."

అతడు డైరీ వైపు చూడనే లేదు. కాన్వాసు అంచును వేలితో సవరిస్తూ నెమ్మదిగా అన్నాడు.

"అయితే అయ్యుంటది సార్. మీరు సదువుకున్నోళ్లు. యాడాది అయిపాయె, మేమే మర్సిపోతున్నమేమో."

నా అబద్ధం నిలబడటానికి, తనతో ఒకే గదిలో ఆరేళ్లు బతికిన మనిషి ముఖాన్నే అతడు అనుమానించాడు. నేను కాన్వాసు చుట్టి చేతికిచ్చాను. జాగ్రత్తగా తీసుకువెళ్లమని కూడా చెప్పాను.

పంతొమ్మిదో తేదీన, పూర్తయిన పనులను భద్రపరుస్తూ ఆ ఫోటోను తెరిచాను. వెలుతురు పెంచగానే నీడలో నుంచి ఎడమ చెంప బయటపడింది. పెదవి కొస కదలకుండా ఉంది. ఆ వైపు కన్ను కుడి కన్ను కంటే కొంచెం చిన్నది. కనుబొమ చివర పాత గాయం మచ్చ. లింగన్న చెప్పిన సగం నవ్వు అక్షరాలా అక్కడే ఉంది.

కార్యానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి. ఫోన్ చేసి, సరిచేసిన ఫైలు పంపి ఉంటే నిర్మల్‌లోనే మరో చిత్రం ముద్రించి ఉండేవారు. నేను చేయలేదు. తప్పు ఒప్పుకోవడానికి సరైన మాటలు వెతుక్కుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఎడమ సగాన్ని మళ్లీ గీశాను: 438 పాయింట్లు, ఆరు గంటల పది నిమిషాలు. ఫోన్ చేసింది ఇరవై ఎనిమిదిన. తొమ్మిది రోజులు.

"తప్పు నాది లింగన్నా. మీకు గుర్తున్న ముఖమే నిజం. ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను."

"గట్లనా సార్. నాకు మతి తప్పలేదన్నట్టు," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, ఊరట ఉంది. కోపమే అయితే నాకు సులువుగా ఉండేది.

కొత్త కాన్వాసును ఆ వైపు వెళ్తున్న ఒకరి చేత పంపాను. ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన, సెలవు ముగించుకొని వచ్చిన లింగన్న షాపులోకి అడుగుపెట్టాడు. చంకలో అదే కాన్వాసు ఉంది.

"ఏమైంది? బాగా రాలేదా?"

"అచ్చం మా నర్సయ్యే సార్. ఆయన ఇంటామె సూసి మస్తు ఏడ్సింది. గని పాతది తీసి గిది పెడుతుంటే పొల్ల అడ్డం పడ్డది. మా బాపు గీ కొత్తాయన కాదు, మా బాపును దింపకుండ్రి అని ఒకటే ఏడుపు. రోజు దానికే చాక్లెట్ చూపెట్టి తింటదట. ఆఖరికి ఇంటామె ఏమన్నదంటే, పొల్లకు ఇద్దరు బాపులను సూపియ్యకు అన్నా, పాతదే ఉండనియ్యి అన్నది."

నేను కాన్వాసును విప్పి బల్ల మీద పరిచాను.

"గిది మా రూముల పెట్టుకుంటం సార్. మేకు కొట్టనియ్యరు క్యాంపుల, అతికిచ్చేది ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి."

రెండు వైపులా అంటుకునే టేపు చుట్ట తీసి ఇచ్చాను. అతడు అరబ్బీలో యల్లా అని, పోయొస్త సార్ అంటూ బస్సు కోసం వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి రిఫ్లెక్ట్ వాడలేదు. కానీ నేను నేర్చుకున్నది పరికరం గురించి కాదు. ఇది మా మనిషి కాదని ఎవరైనా అంటే, ఇప్పుడు నేను నోరు తెరవకముందే ఫోటో తెరుస్తాను. ఈ జాగ్రత్త ఆ తరువాత వచ్చినవాళ్లకు ఉపయోగపడింది. నర్సయ్య కూతురికి మాత్రం తండ్రి ముఖంలో సగం నేను రెండు నిమిషాల్లో అతికించినదే, దాన్ని సరిదిద్దే హక్కు కూడా ఇప్పుడు నాకు లేదు.