బోరు నీళ్లతో మళ్లీ మొదలు

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారని మొన్న ఉదయం ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. రాయపూర్‌లో నా పరిశోధనకు గైడ్ ఆవిడే. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం వాళ్లది. క్లాసులో హిందీ, నాతో మాత్రం ఇంటి తెలుగు. ల్యాబ్ పుస్తకంలో ఇంకుతోనే రాయించేవారు. "పెన్సిల్ అయితే చెరపబుద్ధేస్తుందమ్మా," అనేవారు.

మేం చేసినవి జెల్ గింజలు. చూడటానికి పంచదార పలుకులు. నీళ్లు పోస్తే ఉడికిన సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. మట్టిలో కలిపితే ఆ నీటిని దాచుకుని మెల్లగా వేళ్లకు అందిస్తాయి. ల్యాబ్‌లో అవి ఉబ్బడం చూసి థీసిస్ సగం అయిపోయిందనుకున్నాను.

ఆరంగ్ దగ్గర ఒక రైతు తన వంగతోటలో కొన్ని వరసలు మాకిచ్చాడు. ఎండాకాలం. మేం చెప్పినట్టే వాటికి తడులు తగ్గించాడు. పది రోజులకు మా వరసలే ఎండిపోయాయి.

"వాటిని వదిలేసి ల్యాబ్ ఫలితాలే రాసేద్దాం మేడమ్," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. "ఏటమ్మా, చచ్చిపోయానని మొక్కే చెప్తోంది. నువ్వు రాయనంటే ఎలాగ? పద, ముందు ఆయనకి చెప్పాలి."

మర్నాడు వంగనారు ట్రేలు రెండు ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నారు. తోటలో రైతుతో, "గల్తీ హమారీ హై భయ్యా, ఆప్‌కీ నహీ," అన్నారు. తప్పు మాదే, మీది కాదు అని. అతను మంచం వాల్చి కూర్చోమన్నాడు. వచ్చేటప్పుడు మేడమ్ ఒక్కటే అడిగారు, ఒక డబ్బాడు బోరు నీళ్లు.

ఆ నీళ్లలో మా గింజలు సగం కూడా ఉబ్బలేదు. అంతవరకూ మేం వాడింది స్వేదనజలం. బోరు నీళ్లలోని సున్నం గింజల్ని బిగించేస్తోంది.

"ఇప్పుడు దొరికింది నీ థీసిస్," అన్నారు మేడమ్.

ఆ నీళ్లలోనూ ఉబ్బే గింజల కోసం మళ్లీ మొదటినుంచి చేశాం. ఎండిన వరసల మీద ఒక అధ్యాయం పూర్తిగా రాయించారు. ఇవాళ నేను పాఠం చెప్పే క్లాసులో నా లెక్క తప్పితే, తప్పిందని పిల్లల ముందే చెప్పగలుగుతున్నాను. అది ఆవిడ ఇచ్చిన ధైర్యమే.

తర్వాతి వేసవిలో అదే రైతు మళ్లీ వరసలిచ్చాడు. ఈసారి మొక్కలు నిలబడ్డాయి. మేడమ్ చెప్పులు విడిచి, ఒక మొక్క పక్కన కూర్చుని వేలితో మట్టి తవ్వారు. తడి గింజ ఒకటి బయటపడింది. దారప్పోగులాంటి వేరు దాన్ని చుట్టుకుని, కొస లోపలికి దిగి ఉంది. నేను చెయ్యి చాపబోయాను.

"ముట్టకమ్మా, తాగుతోంది," అన్నారు.

ఎండ తగలకుండా దానిమీద అరచెయ్యి అడ్డం పెట్టి, అలాగే వంగి చూస్తూ ఉండిపోయారు.