ఖాళీ క్యారేజీ, నా ఎనిమిది దేశాలు

ఒక ఉప్మా గరిటె బరువెంత? నలభై ఏళ్లుగా మోస్తున్నాను, నాకే తెలియదు. మీకొక్కరికే చెబుతున్నాను. మధ్యలో నవ్వకండి.

నేను ఎనిమిది దేశాల్లో తిన్నవాణ్ణి. జపానులో నడుం వంచి దండం పెట్టి పిడికెడు అన్నం ఇస్తారు. సింగపూరులో గిన్నె పొర్లేలా నూడుల్సు పోస్తారు, మొహం మాత్రం చిట్లించుకునే ఉంటారు. అమెరికాలో నిమిషంలో బన్ను చేతిలో పెట్టి పళ్లన్నీ కనబడేలా నవ్వుతారు. ఏ ఊళ్లో కొన్నా అదే సైజు, అదే నవ్వు.

అబద్ధం. ఎనిమిది కాదు, మూడు. మూడూ కాదు. ఒక్కటీ లేదు. నేను పోర్టులో టాలీ గుమస్తాని. ఓడలోంచి దిగే బస్తాలకు నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. అదే నా ఉద్యోగం. ఆ దేశాలన్నీ ఓడల్లో వంటవాళ్లు చెప్పగా విన్నవి.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. పోర్టు నుంచి ప్లాంటుకెళ్లే సరుకు లెక్కకు నన్ను రోజూ అక్కడికే పంపేవారు. ప్లాంటు గేటు బయట సూరిబాబు పాక హోటలు. నా దేశాలన్నిటినీ నమ్మిన మనిషి. అక్కడ వడ్డించేది నరసమ్మ. సబ్బవరం నుంచి అన్నం క్యారేజీతో బస్సులో వచ్చేది. ఆ జీతం మీదే ఆమె, ముసలి అత్త బతికేవారు. ఆమె మనిషిని చూసి గరిటె ముంచేది. సిమెంటు దుమ్ముతో వచ్చినవాడికి గరిటెన్నర ఉప్మా. జేబులో పెన్నున్న నాకు గరిటెకు తక్కువ.

"అమెరికాలో అందరికీ ఒకటే కొలత, తెల్సా?" అన్నానొకరోజు ఆమెతో, అందరూ వినేలా.

"అలాగా బాబూ? మరి ఆ బన్నులోకి సెట్నీ ఏటేత్తారు?"

తడబడ్డాను. "కొబ్బరి చట్నీ" అన్నాను.

"బాబు వోడెక్కినాడు గానీ, అది కదిలేలోగా దిగిపోనాడర్రా!"

పాకంతా గొల్లుమంది. ఆ నవ్వు ఎక్కడ గుచ్చుకుందో ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. అంత చిన్న మాటకా?

మర్నాడు చీటీ పట్టుకుని కూర్చున్నాను. ఇటు ప్లేట్లకు గీతలు, అటు గరిటెలకు. గరిటెలే ఎక్కువ తేలాయి. ఆ ఎక్కువంతా కూలీల ప్లేట్లలో పడటం నా కళ్లతోనే చూశాను. అయినా సూరిబాబును పక్కకు పిలిచాను.

"బావా, సరుకు ఎటెల్తందో సూసినావా? దాని క్యారేజీ మీద ఓ కన్నెయ్యి."

"నరసమ్మా? ఏటి బావా, అది అలాటిది కాదు. తెరిపించి సూసేద్దాం, పోనీ."

"అడిగితే జాగర్త పడిపోద్ది. ఎనిమిది దేశాలు సూసినోణ్ణి నాను. కొలత నేని సేతిని ఎక్కడా నమ్మరు."

క్యారేజీ ఖాళీది. నాకు తెలుసు. తన అన్నం తిన్నాక ఆమె దాన్ని కడిగి ఎండలో బోర్లించడం రోజూ చూసేవాణ్ణి. కానీ అనుమానం పడ్డాక సూరిబాబుకి ఆమె చెయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు. నాలుగో రోజు, రేపట్నుంచి రావద్దన్నాడు. నరసమ్మ ఒకసారి నా జేబులోని చీటీ వైపు చూసింది. లేక నా వైపా? గరిటె కడిగి, బోర్లించి వెళ్లిపోయింది.

తరవాత అందరికీ ఒకటే కొలత వచ్చింది. నాకు మునుపటికన్నా ఎక్కువే వచ్చింది. తిన్నాను.

కొన్నేళ్లకు దువ్వాడ స్టేషన్లో బుట్టతో కనబడింది. రెండు ఇడ్లీలు అడిగాను. ఆకులో నాలుగు పెట్టింది.

"నాలుగేటి?"

"సిక్కిపోనావు బాబూ. ఏ దేశం నుంచి రాక?"

జాలా? ఎత్తిపొడుపా? అంతా తెలిసే పెట్టిందా? నాలుగూ తిన్నాను, ప్రతి ముద్దనూ అనుమానిస్తూ. రైలొచ్చింది. నేను చేసింది చెప్పలేదు. ఇంకెప్పుడూ కనబడలేదు.

ఆ క్యారేజీ ఖాళీదండీ. సూరిబాబు ముందు అనాల్సిన మాట. అతను పోయాడు. మీ ముందు అన్నాను. ఈ ఒక్క మాట మాత్రం పెంచి చెప్పలేదు.