సాక్సులతో టాంగో

వరదలప్పుడు బ్యారేజీ గేటు ఒకటి లేవకపోతే నా గొడుగు పెట్టి లేపాను. విజయవాడలో ఈ మాట నమ్మినవాళ్లున్నారు. ఇరవై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషి మాత్రం ఒక ఎండాకాలం మధ్యాహ్నం సూటుకేసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“మీ కథల్లో చేపలున్నాయి, పాములున్నాయి, గొడుగులున్నాయి. నేనొక్కదాన్నే లేనండీ,” అని తెనాలిలో వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కథ చెప్పడానికి ఇంట్లో గోడలే మిగిలాయి. గోడలు ఊ కొట్టవు.

ఒకరోజు ఫోనులో ఏదో వెతుకుతుంటే టాంగో పాట తగిలింది. భాష ఒక్క ముక్క తెలియదు. మన హార్మోనియాన్ని సాగదీసి వాయించినట్టున్న ఆ వాద్యం నా బదులు తనే ఏడ్చిపెట్టింది. ప్రాణం కాస్త తేలికపడింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒకాయన ఆ జంట డాన్సు నేర్పుతున్నారని తెలిసి చేరాను.

గది ఆయనది కాదు, ఒక కూచిపూడి మేడంగారిది. అక్కడ నటరాజ విగ్రహం ఉంది, పాదరక్షలతో అడుగు పెట్టనివ్వరు. టాంగోకేమో కాలు నేల మీద జారాలి. అందుకని బూట్లు మెట్ల మీద వదిలి, సాక్సులతో నున్నటి గ్రానైటు మీద జారేవాళ్లం. ప్రపంచంలో ఇలా టాంగో ఆడింది మేమే అయివుంటాం. వచ్చిన ఆడవాళ్లు ఇద్దరే, అదీ భర్తలతో. నాకు జోడీగా దొరికింది వన్ టౌన్‌లో గిన్నెల హోల్‌సేల్ వ్యాపారి. ఆయన భార్యా వెళ్లిపోయిందట. మా వైపు మగవాళ్లు భుజం భుజం ఆనించేది పాడె మోసేటప్పుడే. మొదటివారం మేమూ అలాగే పట్టుకున్నాం.

అడుగు వేశాక ఆగు, ఎదుటి మనిషి వచ్చేదాకా కదలకు అని మాస్టారు మొత్తుకునేవారు. నాకది రాదు. గిన్నెలాయన కాళ్లు పచ్చడి చేశాను. జోడీని నమ్మి కళ్లు మూసుకోవాలని మాస్టారు చెప్పడంతో, ఆయన కళ్లు మూసుకునే వారం వారం అడిగేవాడు, “చెల్లెమ్మ వచ్చిందా బావగారూ?”

వచ్చే శుక్రవారం వస్తుందనేవాణ్ణి. ఆయన నమ్మేవాడు. కొన్నాళ్లకి నేనూ నమ్మాను.

శుక్రవారం కాదు గానీ ఒక ఆదివారం వచ్చింది. గ్రైండరు కోసం.

కింద ఆటో ఆగి ఉంది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని రెండంతస్తులు దించాం. నేను కింది మెట్టు మీద వెనక్కి నడుస్తూ, తను పైమెట్టు మీద. ఒక మెట్టు దిగడం, తన పాదం ఆనేదాకా ఆగడం. లోపలి రాయి ఎక్కడా కదల్లేదు. మా కాపురంలో ఇద్దరం కలిసి ఏ పనీ అంత చక్కగా చేయలేదు.

తను చెమట తుడుచుకుంటూ, “ఎప్పుడూ గబగబా లాక్కుపోతారు కదా. ఇవాళేంటి, నాకోసం ఆగారు?” అంది.

“టాంగో నేర్చుకుంటున్నా. బెంజ్ సర్కిల్ దగ్గర. సాక్సులేసుకుని, గిన్నెల షాపాయనతో.”

అంత నిజం నా జన్మలో చెప్పలేదు. తను కనీసం నవ్వలేదు. కొంగు సర్దుకుని ఆటో ఎక్కింది.

“ఇంకా కథలు మానలేదన్నమాట,” అంది.

ఆ వారం గిన్నెలాయన అడిగితే, వచ్చిందనీ, గ్రైండరు తీసుకుని వెళ్లిపోయిందనీ ఉన్నదున్నట్టు చెప్పాను.

“ఊరుకోండి బావగారూ, గ్రైండరు కోసం ఎవరైనా అంత దూరం వస్తారా? మీకోసమే వచ్చుంటుంది,” అని కళ్లు మూసుకున్నాడు.

పాట మొదలైంది. మొదటి అడుగులోనే ఆయన కాలు తొక్కాను.